తన్ను మానాక పుట్టిన విద్య: ఫుట్‌బాల్ టాకిల్ పుట్టుపూర్వోత్తరాలు

మా నౌపడ వైపు పిల్లలకి ఎదుటివాణ్ణి ఆపడమంటే ముందు గుర్తొచ్చేది చెడుగుడే. కూతకొచ్చినవాడి మడమ దొరకబుచ్చుకోవాలి, తొడ పట్టాలి, నడుం చుట్టెయ్యాలి. వాడి ఊపిరి ఆగేదాకా వదలకూడదు. అదే కుర్రాడు ఫుట్‌బాల్‌కి దిగాడంటే చేతులకి పని లేదు, మనిషిని ముట్టే హక్కు లేదు. తీసుకోవలసింది బంతి ఒక్కటే. చెడుగుడులో గట్టివాడనిపించుకున్నవాడు ఇక్కడ వచ్చీ రాగానే ఫౌల్ చేస్తాడు. వాడి తప్పేమీ లేదు. ఆపడమంటే మనిషిని ఆపడమనే అనాదిగా మన ఒంటికి తెలుసు. ఆ చూపుని మనిషి మీంచి బంతి మీదికి మళ్లించడానికి ఫుట్‌బాల్‌కి నూరేళ్లకి పైనే పట్టింది. ఇది చెయ్యకూడదని ఎవరో గీత గీసిన ప్రతిసారీ, మరి ఏం చెయ్యాలో నేర్పేవాడొకడు కావలసి వచ్చాడు. ఒట్టి బలంతో పని జరిగినంత కాలం టాకిల్‌కి, అంటే ఎదుటివాణ్ణి ఆపే ఈ విద్యకి, గురువు అక్కరలేకపోయింది.

మొదటి గీత 1863లో పడింది. ఆ ఏడాది అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బులవాళ్లు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అప్పటికి ఇంగ్లండులో ఏ బడి ఆట ఆ బడిది. కొన్నిచోట్ల బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు; అలా పరిగెత్తేవాణ్ణి మోకాలి కింద బూటుకాలితో తన్ని పడగొట్టొచ్చు. దాన్ని హ్యాకింగ్ అనేవారు. మొదటి చిత్తు నిబంధనల్లో అది దర్జాగా ఉంది. తరవాతి సమావేశాల్లో తీసేద్దామన్నారు. బ్లాక్‌హీత్ క్లబ్బు ప్రతినిధి ఎఫ్.ఎం. క్యాంప్‌బెల్ ససేమిరా అన్నాడు. తన్ను తీసేస్తే ఆటలో ధైర్యమే పోతుందని, వారం రోజులు సాధన చేసొచ్చిన ఫ్రెంచివాళ్లు కూడా మిమ్మల్ని ఓడించేస్తారని వాదించాడు. మాట నెగ్గలేదు. డిసెంబరులో బ్లాక్‌హీత్ బయటికి నడిచింది. కాలు అడ్డం పెట్టి పడగొట్టడం, తన్నడం, చేత్తో పట్టడం, తొయ్యడం నిషేధమని అచ్చయిపోయింది.

క్యాంప్‌బెల్ దెప్పిపొడుపుగా అన్న ఆ మాటే నాకు ఈ చరిత్రలో కీలకంగా కనిపిస్తుంది. తన్ను పోతే వారం రోజుల సాధనకీ విలువ వస్తుందని ఆయన భయపడ్డాడు. సరిగ్గా అదే జరిగింది, అదే జరగవలసింది కూడా. ఆఖరికి రగ్బీవాళ్లు సైతం 1871లో సొంత సంఘం పెట్టుకున్నాక తన్నుని వదిలేశారు. మనిషిని పట్టి పడెయ్యడం మాత్రం ఉంచుకున్నారు. ఒకే తల్లికి పుట్టిన రెండాటలు టాకిల్ దగ్గరే వేరుపడ్డాయి.

చట్టం మారినా కాళ్ల అలవాటు వెంటనే మారలేదు. 1874లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు శామ్ విడోసన్ క్రికెట్ ప్యాడ్లు కత్తిరించి పిక్కల ముందు కట్టుకున్నాడంటే దెబ్బలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

మన దేశానికి ఈ ఆట బ్రిటిష్ సిపాయిల వెంటా రైలు కంపెనీల వెంటా వచ్చింది. వాళ్లకి బూట్లు, మనవాళ్లకి వట్టికాళ్లు. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించిన మోహన్ బగాన్ జట్టులో బూటు తొడిగినవాడు సుధీర్ చటర్జీ ఒక్కడే. ఆయన ఆడింది బ్యాక్‌గా. ఎదురెళ్లి బంతి తీసుకోవలసిన స్థానంలో ఉన్నవాడికే బూటు ఉండడం నాకు గమనించదగ్గ సంగతి అనిపిస్తుంది. మిగతావాళ్లకి బూటుతో ఢీకొనే దారి లేదు. బంతి అవతలివాడి కాలు వదిలి కాస్త దూరం జరిగే లిప్తపాటు కోసం కాచుకోవాలి, చటుక్కున లాగేసుకోవాలి. పాదరక్ష లేకపోవడమే వాళ్లకి సమయం చూసుకోవడం నేర్పింది. ఆ విద్యకి ఒక హద్దు ఉందని 1952లో హెల్సింకీలో తేలిపోయింది. ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మన జట్టులో వట్టికాళ్లతో దిగినవాళ్లున్నారు. ఆ తరవాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

ఆ జట్టు కోచ్ హైదరాబాదు మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేశాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. తెలుగు నేల మీద ఫుట్‌బాల్‌ని తరగతి గదిలో పాఠంలా, మెట్టు మీద మెట్టుగా నేర్పినవాళ్లలో ఆయన్ని మించినవాడు లేడని నా నమ్మకం.

రహీమ్ పద్ధతి ఏమిటంటే, గీతలు తనే గీశాడు. డ్రిబ్లింగ్ చెయ్యకూడని పోటీలు పెట్టాడు: బంతి వస్తే ఒక్క తాకుతో పంపెయ్యాలి. వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టాడు. పొట్టివాళ్లకి విడిగా, ఎత్తు కొలిచి మరీ పోటీలు పెట్టాడు. పైకి ఇవన్నీ దాడి చేసేవాళ్ల కోసం అనిపిస్తాయి. బ్యాక్ వైపు నుంచి చూడండి. ఎదుటివాడు బంతి పట్టుకుని నిలబడడని తెలిసినప్పుడు వాడి మీద పడడం వృథా. బంతి ఎటు పోతుందో చదవాలి, దారిలో నిలబడాలి. కుడి ఎడమలు రెండూ పనిచేసే కాళ్లున్నవాడు ఏ పక్క నుంచయినా టాకిల్ చెయ్యగలడు. నిబంధనల పుస్తకం దశాబ్దాలు తీసుకుని నేర్పినదాన్ని ఆయన సాయంత్రపు పోటీల్లో పిల్లలకి అలవాటు చేశాడు.

ఫలితం చెప్పనక్కరలేదు గానీ చెప్పాలనిపిస్తుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది. అందులో అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, నూర్ మహమ్మద్ హైదరాబాదువాళ్లే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో, థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన బ్యాక్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ ముందుకి పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెప్టెంబరు 4న కొరియాతో ఫైనల్ 2-1తో గెలిచాం, రెండో గోల్ జర్నైల్‌ది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్ రహీమ్‌ని తీసుకుపోయింది.

ఆ జకార్తా జట్టులో మరో బ్యాక్ అరుణ్ ఘోష్. ఆయన తరవాత బి.ఎన్.ఆర్.కి ఆడాడు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1902లో కటక్ దాకా ఉన్న తూర్పుతీరపు లైను ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఒకప్పుడు పర్లాకిమిడి రాజుల చిన్నరైలు బయల్దేరిన మా నౌపడ స్టేషను కూడా ఆ లైను మీదిదే. కంపెనీ పేరు పోయినా కలకత్తా మైదానంలో క్లబ్బుకి పేరు మిగిలింది. 1964 ఆసియా కప్పులో కొరియా మీద మన దేశానికి తొలి గోల్ కొట్టిన అప్పలరాజు కూడా ఆ రైల్వే జట్టువాడే. ఇంటింటా అప్పలరాజులుండే ఉత్తరాంధ్రలో ఈ సంగతి పిల్లలకి చెప్పేవాళ్లు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తరవాతి పెద్ద గీత వెనక నుంచి చేసే టాకిల్ మీద. బంతి కనబడని చోటి నుంచి మడమల మీదికి దూకితే ఏమవుతుందో డచ్ ఫార్వర్డ్ మార్కో వాన్ బాస్టెన్‌ని చూస్తే తెలుస్తుంది. చీలమండ చెడి, 1993లో తన 28వ ఏట ఆఖరి మ్యాచ్ ఆడేశాడు. 1998 ప్రపంచకప్పు నాటికి ప్రమాదకరమైన వెనక టాకిల్‌కి రెడ్ కార్డే అని ఫీఫా తేల్చిచెప్పింది. బ్యాక్‌లు మళ్లీ బడికి పోవలసి వచ్చింది.

అమెరికా ఫుట్‌బాల్ వేరే ఆట, అక్కడ మనిషినే పడగొట్టాలి. అక్కడా కథ ఇదే. హెల్మెట్‌ని ఆయుధంలా చేసి తలతో గుద్దడాన్ని 1976లో కాలేజీల్లో నిషేధించారు. 2010లో డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడీ టీవెన్స్ ఇంకా ముందుకెళ్లి, సాధనలో ఆటగాళ్లు ఒకరినొకరు పడగొట్టడమే మానిపించాడు. దిండ్ల మీద, తరవాత కదిలే యంత్రపు బొమ్మల మీద నేర్పించాడు. 2016లో డార్ట్‌మత్ ఆడే ఐవీ లీగ్‌లోని జట్లన్నీ అదే దారి పట్టాయి.

ఇప్పుడు మన ఊరి బడి మైదానంలో పి.ఇ.టి. మాస్టారు ఒక బంతి, నాలుగు రాళ్లతో ఈ విద్యని ఎలా మొదలుపెట్టాలి? ముందు టాకిల్ చెయ్యకుండా ఉండడం నేర్పాలి. పది గజాల గడి గీసి, ఒకణ్ణి బంతితో రమ్మని, రెండోవాణ్ణి కేవలం ఆలస్యం చెయ్యమనాలి. దగ్గరికి వేగంగా వెళ్లాలి, చెయ్యిదూరానికి రాగానే అడుగులు చిన్నవి చెయ్యాలి. ఒళ్లు పక్కకి తిప్పి, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచి వెనక్కి తగ్గుతూ పోవాలి. చూపు బంతి మీదే ఉండాలి. అవతలివాడి నడుమూ భుజాలూ చేసే మోసాలు మనకి పట్టకూడదు. ఇది కుదిరాకే రెండో పాఠం. ఇద్దరి మధ్య కదలని బంతి పెట్టి, ఈల వెయ్యగానే ఇద్దరూ ఒకేసారి పాదం లోపలి అంచుతో నడిమధ్యన తాకాలి. చీలమండ బిగించాలి, రెండో కాలు బంతి పక్కనే ఆనాలి, ఒళ్లు బంతి మీదికి వాలాలి. వెనక్కి వాలినవాడికే దెబ్బ తగులుతుంది. ముందు నిలబడి, తరవాత నడుస్తూ, ఆ పైన పరిగెత్తుతూ. పిక్కలకి గార్డులు లేకుండా ఈ మెట్టు ఎక్కనివ్వకూడదు. జారుతూ చేసే టాకిల్ అన్నిటికన్నా చివర. గడ్డి లేని గట్టినేల మీద అసలే వద్దు, వానలకి నేల మెత్తబడి గడ్డి మొలిచాక పెద్ద పిల్లలకి మాత్రమే.