లెక్కకు దొరకని దేశం: నైజీరియా జనాభా అంకె వెనక కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

గ్రూప్స్‌కి, టీచర్ పోస్టులకి చదివే మన అందరి దగ్గరా ఒక జీకే పుస్తకం ఉంటుంది. అందులో దేశాల పేజీ తెరిస్తే నైజీరియా రెండు లైన్లలో అయిపోతుంది. రాజధాని అబుజా, కరెన్సీ నైరా, వైశాల్యం 9,23,768 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రాలు 36, జనాభా సుమారు 23 కోట్లు. ఆఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ జనం ఉన్న దేశం. బట్టీ కొట్టేసి పేజీ తిప్పేస్తాం.

ఆ వరుసలో వైశాల్యం కొలిచింది. రాష్ట్రాలు లెక్కపెట్టినవి. జనాభా మాత్రం లెక్కపెట్టింది కాదు. ఆ దేశంలో ఇంటింటికీ తిరిగి జనాన్ని చివరిసారి లెక్కపెట్టింది 2006లో. ఇప్పుడు చెప్పే 23 కోట్లు ఐక్యరాజ్యసమితి వాళ్ళు పాత లెక్కల మీద పుట్టినవాళ్ళను, పోయినవాళ్ళను అంచనా కట్టి వేసిన అంకె. మరి ఆ పాత లెక్క ఎంత గట్టిది? దాని కిందున్న ఇంకా పాత లెక్క? మేము నోట్సు కోసం రెండు పేజీలు రాసుకుందామని కూర్చుని, ఒకదాని కింద ఒకటి తవ్వుకుంటూ పోయి 1929లో ఒక ఇంటి వాకిట్లో తేలాం.

ఆ ఊరి పేరు ఓలోకో. నైజీరియా ఆగ్నేయ భాగంలో ఇగ్బో జనం ఉండే ప్రాంతం. ఇగ్బోలలో చాలాచోట్ల రాజులూ లేరు, దొరలూ లేరు. పెద్దలు, వయసు బృందాలు, ఆడవాళ్ళ సభలు కలిసి ఊరు నడిపేవి. ఇంగ్లీషువాళ్ళకి తమ పాలన నడపడానికి ఊళ్ళో ఒక మనిషి కావాలి కదా, అందుకని తామే కొందరికి కాగితం ఇచ్చి ‘వారెంట్ చీఫ్’ అని కూర్చోబెట్టారు. ముఠాదారుల గురించి తాతల దగ్గర విన్నవాళ్ళకి ఈ ఏర్పాటు ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. 1926లో మగవాళ్ళను లెక్క రాసుకున్నారు. ఇది పన్ను కోసం కాదన్నారు. 1928లో అదే లెక్క పట్టుకుని మగవాళ్ళందరి మీదా పన్ను వేశారు.

మరుసటి ఏడాది నవంబరులో మళ్ళీ లెక్క మొదలైంది. ఓకుగో అనే వారెంట్ చీఫ్ తరఫున ఎమెరువా అనే మనిషి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. న్వాన్యెరువా అనే విధవరాలు వాకిట్లో పామాయిల్ గింజల నుంచి నూనె తీసుకుంటోంది. (అశ్వారావుపేట, దమ్మపేట వైపు మనం చూసే పామాయిల్ చెట్టుకి పుట్టిల్లు ఆ పశ్చిమ ఆఫ్రికానే.) మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెంతమంది, లెక్కపెట్టి చెప్పు అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మీ అమ్మను ఎవరైనా ఇలా లెక్కపెట్టారా అని తిరగబడింది. ఇద్దరికీ పెనుగులాట అయింది. ఆమె అక్కడి నుంచి నేరుగా ఆడవాళ్ళ సభకి వెళ్ళి చెప్పింది. మొన్న మగవాళ్ళను లెక్కపెట్టారు, పన్ను వచ్చింది. ఇవాళ మనల్ని, మన మేకల్ని లెక్కపెడుతున్నారు, రేపు ఏమొస్తుంది? ఇంకొకరు వచ్చి వివరించాల్సిన పని లేకపోయింది.

పామ్ ఆకులు చేతులు మారుతూ ఊరూరా కబురు వెళ్ళింది. వేల మంది ఆడవాళ్ళు ఓకుగో ఇంటిముందు చేరి రాత్రీ పగలూ పాటలు పాడారు, ఆడారు. మగవాడు తప్పు చేస్తే వాడి ఇంటిమీద ‘కూర్చోవడం’ అక్కడి ఆడవాళ్ళ ఆచారం. ఓకుగోకి జైలు శిక్ష పడింది. కానీ అది ఓలోకోతో ఆగలేదు. చుట్టుపక్కల జిల్లాలకి పాకింది, దుకాణాలు, కోర్టు కచేరీలు తగలబడ్డాయి, సైనికులు, పోలీసులు కాల్చారు. 50 మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. చరిత్రలో దీన్ని ఆబా మహిళల యుద్ధం అంటారు. ఆడవాళ్ళ మీద పన్ను రాలేదు, వారెంట్ చీఫుల పద్ధతి కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

రెండేళ్ళకి 1931 జనగణన వచ్చింది. ఆ ప్రాంతంలో ఇళ్ళకి వెళ్ళి లెక్కపెట్టే ధైర్యం ప్రభుత్వానికి లేకపోయింది. ఉత్తరాన మిడతల దండు పడి సిబ్బంది అటు పోయారు. చాలాచోట్ల పన్ను పుస్తకాలు చూసి అంచనా వేసి దేశం మొత్తం జనాభా 2 కోట్లు అని రాశారు. 1941లో యుద్ధం వల్ల అసలు జరగలేదు. 1952-53లో ప్రాంతం తర్వాత ప్రాంతంగా లెక్క తీసి సుమారు 3 కోట్లు అని తేల్చారు. అప్పటికీ జనం లెక్క అంటే పన్ను అనే అనుకుంటున్నారు, దాక్కున్నవాళ్ళు దాక్కున్నారు. అందుకే ఈ లెక్క తక్కువ వచ్చిందనే చాలామంది పరిశోధకుల మాట.

ఇక్కడిదాకా కథ మనకి అర్థమయ్యేదే. లెక్కకి దొరికితే పన్ను, అందుకే దాక్కోవడం. 1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యం వచ్చాక ఇది ఉన్నపళంగా తిరగబడింది.

అప్పుడు దేశంలో మూడు ప్రాంతాలు. ఉత్తరాన హౌసా-ఫులానీలు, పడమరన యొరుబాలు, తూర్పున ఇగ్బోలు పెద్ద జాతులు. 1952-53 లెక్కలో దేశంలో సగం పైన జనం ఉత్తరంలోనే ఉన్నారని తేలింది కాబట్టి పార్లమెంటులో 312 సీట్లకి 174 ఉత్తరానికే పోయాయి. అంటే ఉత్తరం ఒక్కటే ఒకవైపు నిలబడితే ప్రభుత్వం వాళ్ళదే. దీన్ని మార్చాలంటే తూర్పు, పడమరలకి ఉన్న దారి ఒకటే, తర్వాతి లెక్కలో తమ జనం ఎక్కువ అని చూపించడం. నిన్నటిదాకా దాక్కున్న ఊళ్ళకి ఇప్పుడు నాయకులే వచ్చి ఒక్కరు కూడా తప్పిపోకూడదన్నారు. రోడ్లు, బడులు, సీట్లు అన్నీ దీనిమీదే అన్నారు.

1962 మేలో లెక్క జరిగింది. తూర్పున పదేళ్ళలో జనం 70 శాతం పెరిగారని వచ్చింది. పడమర కూడా అదే దారి. ఉత్తరంలో 34 శాతం పెరిగి 2.25 కోట్లు అయ్యారు, కానీ దేశంలో సగానికి కొంచెం తగ్గారు. జనగణన అధికారి వారెన్ అనే ఇంగ్లీషాయన తూర్పు అంకెలు నమ్మదగినవి కావు అన్నాడు. ఆ తర్వాత జరిగింది చూడండి. ‘మళ్ళీ సరిచూస్తున్నాం’ అని ఉత్తరం వాళ్ళు తిరిగి లెక్కపెట్టి, మొదటిసారి మిగిలిపోయినవాళ్ళు 85 లక్షల మంది దొరికారు అన్నారు. 2.25 కోట్లు కాస్తా 3.1 కోట్లు! 85 లక్షల మంది ఎక్కడ దాక్కుని ఉంటారని మీకు అనుమానం వస్తే, అప్పుడు దక్షిణాది పత్రికలకీ అదే వచ్చింది. ప్రధాని అబూబకర్ తఫావా బలేవా ఆ లెక్క మొత్తం రద్దు చేశాడు.

1963 నవంబరులో నాలుగు రోజుల్లో ఇంకోసారి లెక్క తీశారు. మొత్తం 5.56 కోట్లు, అందులో ఉత్తరం 2.98 కోట్లు. మళ్ళీ సగం పైన. 1953 నుంచి చూస్తే ఏడాదికి దాదాపు 6 శాతం పెరగాలి. మనుషులు అలా పెరగరు. తూర్పు ప్రధాని మైకేల్ ఒక్పరా ఒప్పుకోలేదు, తూర్పు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, కేసు కొట్టేశారు. ఆ అంకెలతోనే సీట్లు పంచారు: ఉత్తరానికి 167, తూర్పుకి 70, పడమరకి 57, కొత్తగా ఏర్పడిన మధ్య-పశ్చిమానికి 14, లాగోస్‌కి 4. 1964 ఎన్నికలను తూర్పులో బహిష్కరించారు. 1966 జనవరిలో సైనిక కుట్ర జరిగి బలేవాను చంపారు. జులైలో ఎదురు కుట్ర, ఉత్తరంలో ఇగ్బోల ఊచకోత, 1967లో తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోవడం, 1970 జనవరి దాకా యుద్ధం. జనగణన ఒక్కటే యుద్ధం తెచ్చిందని మేము అనడం లేదు. చమురు ఉంది, సైన్యంలో జాతుల గొడవ ఉంది. కానీ ఓటు ద్వారా ఏదీ మారదని తూర్పు వాళ్ళు నమ్మడానికి ఆ లెక్క ఒక పెద్ద కారణం. ఆ యుద్ధంలో, ఎక్కువగా ఆకలితో, పది లక్షలకు పైగా పోయారని చాలామంది అంచనా. 5 లక్షలన్నవాళ్ళున్నారు, 30 లక్షలన్నవాళ్ళూ ఉన్నారు. చచ్చిపోయినవాళ్ళ లెక్క కూడా తేలలేదు.

1973 గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సైనిక పాలకుడు గోవన్ కాలంలో 7.98 కోట్లు అని వచ్చింది, అందులో 64 శాతం ఉత్తరమే అన్నారు. 1975లో అతన్ని దించి వచ్చిన ముర్తలా మొహమ్మద్ దాన్ని చెత్తబుట్టలో వేశాడు. ఆ తర్వాత 1991 దాకా ఆ దేశం తన బడులు, ఆసుపత్రులు, బడ్జెట్లు అన్నీ 1963 నాటి అంకెలను పొడిగించుకుంటూ వేసుకుంది.

అలా పొడిగించుకుంటూ పోతే 1990 నాటికి 11 కోట్లు దాటారని ప్రపంచ సంస్థలు రాసుకున్నాయి. 1991 నవంబరులో నిజంగా లెక్కపెడితే 8.9 కోట్లే. రెండు కోట్ల మందికి పైగా కాగితం మీద పుట్టి కాగితం మీదే మాయమయ్యారన్నమాట. తలసరి ఆదాయం రాత్రికి రాత్రి పెరిగింది, ఎవరి జేబులోకీ ఒక్క నైరా అదనంగా రాకుండానే. ఇలాంటిదే 2014లో ఇంకోటి జరిగింది. జీడీపీ లెక్కకి అప్పటిదాకా 1990ని ఆధార సంవత్సరంగా వాడారు. సెల్‌ఫోన్లు, వాళ్ళ సినిమా పరిశ్రమ నాలీవుడ్ లాంటివి అందులో సరిగ్గా లేవు. ఆధారాన్ని 2010కి మార్చేసరికి జీడీపీ 89 శాతం పెరిగి 510 బిలియన్ డాలర్లు దాటింది, దక్షిణాఫ్రికాను వెనక్కి నెట్టి ఆఫ్రికాలో మొదటి స్థానం వచ్చింది. జీకే పుస్తకాల్లో సమాధానం మారింది. ముందురోజు ఆకలిగా ఉన్నవాడు ఆ రోజూ ఆకలిగానే ఉన్నాడు.

2006 లెక్కలో మొత్తం 14,04,31,790. కానో రాష్ట్రానికి 94 లక్షలు, లాగోస్‌కి 91 లక్షలు. లాగోస్ అంటే ఆఫ్రికాలోని మహానగరాల్లో ఒకటి. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఈ లెక్క మేము ఒప్పుకోం, మేము సొంతంగా లెక్కపెట్టాం, 1.75 కోట్లు వచ్చింది అంది. ఒకే నగరం, ఒకే ఏడాది, రెండు లెక్కల మధ్య తేడా 84 లక్షలు. ఎందుకింత పట్టు అంటే, కేంద్రం రాష్ట్రాలకు పంచే చమురు డబ్బులో 30 శాతం జనాభాను బట్టి పంచుతారు. స్థానిక ప్రభుత్వాలను బట్టి కూడా డబ్బు వెళ్తుంది, కానోకి అవి 44, లాగోస్‌కి 20. తీరంలో అడవులు, లోపల ఎడారి అంచు ఉన్న పొరుగు దేశాల్లో లోపలికి పోయేకొద్దీ జనం పలచబడతారు, మా దేశంలోనే ఎందుకు చిక్కబడతారని దక్షిణాది వాళ్ళ వాదన. కానో చుట్టూ శతాబ్దాలుగా సందు లేకుండా పొలాలు, ఊళ్ళు ఉన్న మాట నిజమే అని ఉత్తరం వాళ్ళ జవాబు. మాకు తోచింది, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ తేల్చగలిగిన లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. 2013లో జాతీయ జనాభా కమిషన్ ఛైర్మన్ ఒడిమెగ్వు స్వయంగా, 1816 నుంచి ఈ దేశంలో నమ్మదగిన జనగణన ఒక్కటీ జరగలేదని అన్నాడు. కానో గవర్నర్ మండిపడ్డాడు, కొద్ది వారాల్లో ఆయన కుర్చీ దిగాల్సి వచ్చింది. 2023లో ట్యాబ్లెట్లతో కొత్త లెక్క అని తేదీలు పెట్టారు, ఏప్రిల్ ఆఖరులో వాయిదా వేశారు.

ఇప్పుడు మనకి ముఖ్యమైన సంగతికి వస్తున్నాం. గొడవలు తగ్గాలని 1991లో ఫారం నుంచి రెండు ప్రశ్నలు తీసేశారు, నీ జాతి ఏది, నీ మతం ఏది. 2006లోనూ అవి లేవు. మూడు పెద్ద జాతులకి ఇది పెద్ద నష్టం కాదు, వాళ్ళ రాష్ట్రాల మొత్తం చూస్తే వాళ్ళ బలం తెలిసిపోతుంది. నైజీరియాలో 500కి పైగా భాషలు ఉన్నాయి. మిగిలిన ఆ వందల జాతుల సంగతి? స్వాతంత్ర్యానికి ముందే, 1957-58లో, చిన్న జాతుల భయాల మీద విల్లింక్ కమిషన్ విచారించింది. భయాలు నిజమే అంది, వాళ్ళు అడిగిన వేరు రాష్ట్రాలు మాత్రం ఇవ్వలేదు.

ఆ జాతుల్లో ఒకటి నైజర్ డెల్టాలోని ఒగోని. 1958లో వాళ్ళ నేలలో షెల్ కంపెనీ చమురు కనిపెట్టింది. దేశం బడ్జెట్‌కి డబ్బు అక్కడి నుంచి పోయింది, వాళ్ళ వాగులకి, చేలకి మిగిలింది నూనె తెట్టు. పంపకంలో జనాభాకి బరువు ఉన్నచోట, తక్కువ మంది ఉన్న జాతి నేల నుంచి సొమ్ము వెళ్తుంది, వాటా మాత్రం తలల లెక్కలో వస్తుంది. 1990లో ఒగోని పెద్దలు హక్కుల పత్రం రాసుకున్నప్పుడు తమ జనాభా 5 లక్షలు అని తామే రాసుకున్నారు. ఆ ఉద్యమాన్ని నడిపిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. ఒగోనిలు ఎంతమంది అని ఇవాళ వెతికినా చాలాచోట్ల కనిపించేది ఆ 5 లక్షలే. ముప్పై ఏళ్ళు దాటినా ప్రభుత్వం నుంచి కొత్త అంకె లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే అడగలేదు.

మన దగ్గర ఎస్టీ గడి ఉంది, తెగ పేరు రాస్తారు. 2011లో తెలంగాణలో 31.78 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 27.39 లక్షలు అని తేలింది ఆ గడి వల్లే. అసెంబ్లీలో మన రిజర్వుడు సీట్లు నిలబడింది కూడా ఇలాంటి అంకె మీదే, 2001 జనగణన అంకె మీద. మతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆదివాసీలకి సొంత గడి లేదు. ఆరు మతాల తర్వాత ‘ఇతరములు’ అని ఉంటుంది, పేరు చెప్పి రాయించుకోవాలి. 2011లో అలా సర్నా అని 49 లక్షల మందికి పైగా, గోండు మతం అని 10 లక్షల మందికి పైగా రాయించుకున్నారు. 2021లో జరగాల్సిన మన జనగణనకి ఇప్పుడు లెక్క తేదీ 2027 మార్చి 1.

2011లో మీ ఇంటికి వచ్చిన ఎన్యుమరేటరు తెగ దగ్గర, మతం దగ్గర ఏం రాసుకున్నాడు? అడిగి రాశాడా, అడగకుండానే రాశాడా? మేము మా ఇళ్ళల్లో అడిగితే సగం మందికి గుర్తే లేదు, కొందరికి అసలు అలా ఒక గడి ఉంటుందనే తెలియదు. ఈ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల్ని అడిగి వచ్చి చెప్పండి.