అడవి బడుల పంతుళ్లు కలిసి కూర్చున్న రోజులు

చర్ల, దుమ్ముగూడెం, చింతూరు మండలాల్లో రోడ్డు వదిలి లోపలికి వెళ్లేకొద్దీ బడి అంటే ఒక గది, ఒక వరండా, ఒక పంతులు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ ఆ ఒక్కరివే. పాఠం చెప్పేది ఆయనే, మధ్యాహ్న భోజనం లెక్క రాసేది ఆయనే, పిల్లవాడు బడికి రాకపోతే గుడిసె దాకా వెళ్లి పిలుచుకొచ్చేదీ ఆయనే. భిన్నాలు ఎలా చెబితే ఎక్కుతాయో అడుగుదామంటే పక్క గదిలో తోటి టీచర్ ఉండరు. ఖమ్మం-భద్రాచలం అడవి అంచున చదువు చరిత్రను బడుల సంఖ్యతో చెప్పుకోవడం మామూలు. ఈ ఒంటరి పంతుళ్లు ఎప్పుడెప్పుడు, ఏ పని మీద ఒకచోట కూర్చున్నారో చూస్తే అసలు సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

గోదావరి ఇక్కడ చాలాకాలం సరిహద్దు. ఉత్తరపు ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. అవతల పాల్వంచ వైపు నిజాం రాజ్యం. గోదావరిలో పడవలు నడిపించాలని ఇంగ్లీషు ప్రభుత్వం పనులు చేయిస్తున్న రోజుల్లో, ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ ప్రోద్బలంతో 1860లో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. 1870ల నుంచి అక్కడే ఉన్న మిషనరీ జాన్ కెయిన్ ఈ రెండు తాలూకాల మనుషుల గురించి, వాళ్ల ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వరుసగా రాశాడు. కోయ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు కోయ మాట తెలియాలన్న ఎరుక ఆ రాతల్లో కనిపిస్తుంది. కానీ అది మిషన్ చదువు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో మిషన్ నిర్ణయించేది.

ఆ ఎరుకను పంతుళ్ల శిక్షణగా మార్చింది మాత్రం ఇంకో జిల్లాలో. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచింది. అంతకుముందే హైమండార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉన్నాడు, తర్వాత వాళ్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. మార్లవాయిలో శిక్షణకు వచ్చిన గోండు యువకులు కాలేజీకి పోలేదు. గోండుల ఊళ్లోనే ఉండి నేర్చుకున్నారు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లే ఆ వాచకాలు పట్టుకుని బడుల్లోకి వెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో గోండీ చదువు వెనక్కిపోయింది. అయినా గిరిజన విద్య గురించి తెలుగునాట ఎవరు మాట్లాడినా మార్లవాయి దగ్గర ఆగాల్సిందే. పాఠం చెప్పేవాళ్లనే పాఠం తయారీకి దగ్గర చేసిన మొదటి పెద్ద ప్రయత్నం అది.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇందులో కలిశాయి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. రెండు రాజ్యాల బడుల్లో, రెండు రకాల నియమాల కింద పనిచేసిన పంతుళ్లు అప్పటికి ఒకే జిల్లా ఉద్యోగులయ్యారు. ఆ మరుసటి ఏడాదే, 1966లో, కొఠారీ కమిషన్ తన నివేదికలో ఒక హైస్కూలు చుట్టూ ఉన్న చిన్న బడులన్నింటినీ ఒక కూటమిగా కలపమంది. బడుల ఒంటరితనాన్ని ఈ కూటమి పోగొడుతుందని కమిషన్ భావించింది. ఇవాళ టీచర్లు ‘కాంప్లెక్స్ మీటింగ్’ అని పిలుచుకునే దానికి బీజం అక్కడ పడింది. మొలకెత్తడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది.

1984లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పాత టీచర్లు ఇప్పటికీ దాన్ని ఏపీపీఈపీ అనే అంటారు. ముందు 11 జిల్లాల్లో 328 బడులు. 1989 నుంచి 23 జిల్లాలకూ పాకింది. తరగతి గదులు కట్టడం అందులో ఒక భాగం. నిలిచిపోయింది మాత్రం ఆరు సూత్రాలు: టీచరే కృత్యాలు తయారు చేసుకోవడం, చేసి చూసి నేర్చుకోవడం, ఒక్కొక్కరిగానూ జట్టుగానూ తరగతి అంతా కలిసీ పనిచేయడం, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం, చుట్టుపక్కల ఉన్నదాన్నే పాఠానికి వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించి తరగతిని ఆసక్తిగా మార్చడం. వీటిని బతికించుకోవడానికి కొన్ని బడులకు కలిపి ఒక టీచర్ సెంటర్ పెట్టారు.

సెంటర్ మీటింగులో అందరూ ఎదురుచూసింది నమూనా పాఠం కోసం. ఆ బడి పిల్లలనే కూర్చోబెట్టి ఒక టీచర్ పాఠం చెప్పేవారు. మిగతావాళ్లు వెనక చాపల మీద నోటు పుస్తకాలతో. చింతగింజలు, అగ్గిపుల్లలు, తునికాకులు, వెదురు పుల్లలు గణితానికి సరంజామా. పాఠం అయ్యాక పిల్లలు వెళ్లిపోతారు, అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. జట్లు చేసినప్పుడు వెనక కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు ఒక్క మాటా మాట్లాడలేదని ఒకరు అంటారు. గింజలు పదుల కుప్పలుగా పెట్టాక కూడిక తేలికైంది కానీ తీసివేత దగ్గర తికమక పడ్డారని ఇంకొకరు. తన బడిలో ఐదు తరగతులు ఒక్కడినే చూసుకుంటున్నానని, జట్టు పని పెడితే మిగతా నాలుగు తరగతులను ఎవరు చూస్తారని మూడో ఆయన. ఆ చివరి ప్రశ్నకు పైనుంచి వచ్చిన మాడ్యూలులో జవాబు లేదు. పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడం, ఒకే కృత్యాన్ని మూడు స్థాయిల్లో ఇవ్వడం వంటి జవాబులు ఏకోపాధ్యాయ బడి నడిపినవాళ్ల అనుభవంలోనే ఉంటాయి.

ఇలాంటి పద్ధతికి ప్రపంచంలో పాత తోబుట్టువులున్నాయి. జపాన్ టీచర్లు మేజీ కాలం నుంచే ‘జుగ్యో కెంక్యూ’ పేరుతో ఒకరి పాఠాన్ని అందరూ చూసి, ముక్కముక్కగా చర్చించుకునేవారు. అమెరికా దాన్ని గట్టిగా పట్టించుకున్నది 1999లో స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకం తర్వాతే. టీచర్ సెంటర్ అన్న ఆలోచన ఇంగ్లండుది. 1960లలో అక్కడ వందల సంఖ్యలో పుట్టుకొచ్చిన ఆ కేంద్రాలు 1980ల చివరికి డబ్బు లేక మూతపడుతూ వచ్చాయి. సరిగ్గా అప్పుడే అవి ఆంధ్ర పల్లెల్లో మొదలయ్యాయి.

ఏపీపీఈపీ 1996లో ముగిసింది. ససెక్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి దాన్ని మదింపు చేసిన లేసీ, కూపర్, టొరెన్స్ అంత పెద్ద పథకం ఫలితాన్ని కొలవడం ఎంత చిక్కో రాశారు. తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), 2001 నుంచి సర్వశిక్షా అభియాన్. మండల వనరుల కేంద్రాలకు భవనాలు వచ్చాయి, మండల రిసోర్సు పర్సన్లు (ఎమ్మార్పీలు) వచ్చారు, సామగ్రి కొనుక్కోవడానికి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు వచ్చాయి. బోధన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాలు జరిగాయి. అదే సమయంలో మీటింగు రూపం మెల్లగా మారింది. పొద్దున సర్క్యులర్లు చదవడం, నమోదు లెక్కలు, భోజనం లెక్కలు. నమూనా పాఠం మధ్యాహ్నానికి వెనక్కి జరిగింది, కొన్నిచోట్ల కాగితం మీదే మిగిలింది. కలిసి ఆలోచించడానికి పెట్టిన రోజును లెక్కలు అప్పజెప్పే రోజుగా మార్చడం అడవి బడికి జరిగిన పెద్ద అన్యాయం. మైదానంలో టీచరు బస్టాండులోనైనా తోటివాళ్లతో మాట్లాడుకోగలరు. కొండ మీది టీచరుకు ఆ ఒక్క రోజే దిక్కు.

మీటింగులో ఎవరు కూర్చుంటున్నారన్నది ఇంకో కథ. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986 నవంబరులో జీవో 275, దాని తర్వాత 2000 జనవరిలో జీవో 3 వచ్చాయి. బదిలీ కోసం ఎదురుచూసే మైదానం టీచర్ల చోట కోయ, కొండరెడ్డి, లంబాడా కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు చేరారు. వాళ్ల రాకతో చర్చల్లో కొత్త విషయం ప్రవేశించింది: పిల్లల ఇంటి భాష.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో, 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. అందులో ఖమ్మం అడవుల కోయ ఒకటి. వాచకం రాయడానికి నిపుణులు మాత్రమే చాలరు. కోయకు సొంత లిపి వాడుకలో లేదు. పిల్లలు తర్వాత తెలుగులోకి మారాలి కాబట్టి తెలుగు లిపినే తీసుకున్నారు. కానీ కోయ అంతటా ఒకేలా ఉండదు. చింతూరు వైపు గట్టిగా నిలిచిన మాటలు కొత్తగూడెం వైపు తెలుగులో కలిసిపోయాయి. ఎవరి మాట పుస్తకంలోకి ఎక్కాలన్నది తేల్చాలంటే ఆ భాష మాట్లాడే టీచర్లే ఎదురెదురుగా కూర్చోవాలి. పాటలు, కథలు, పొడుపుకథలు ఊళ్ల నుంచి వచ్చాయి. విత్తనాల పండుగ, ఇప్పపూల ఏరివేత, చెరువులో చేపలు పట్టడం బడి పిల్లలకు పుస్తకం కంటే బాగా తెలిసిన సంగతులు. మొదటి తరగతులు ఇంటి భాషలో మొదలై మెల్లగా తెలుగులోకి నడవాలన్నది పథకం. పైనుంచి వచ్చిన పాఠాన్ని ఎలా చెప్పాలా అని మాట్లాడుకున్న టీచర్లు, ఇక్కడ పాఠం ఏదై ఉండాలో మాట్లాడుకున్నారు. అడవి అంచున కలిసి ఆలోచించడం ఇంత లోతుకు వెళ్లిన సందర్భం ఇంకొకటి లేదు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు నుంచి కుటుంబాలు గోదావరి అడవుల్లోకి వలస వచ్చాయి. కొత్త గుడిసెల గుంపుల్లో పిల్లల మాట స్థానిక కోయకు దగ్గరే, ఒకటి కాదు. మిరప కోతల కాలం వస్తే ఆ పిల్లలు తల్లిదండ్రులతో చేలకు పోతారు. ఏ వాచకంలోనూ లేని ఈ చిక్కులు టీచర్ల మాటల్లోకి వచ్చి చేరాయి.

2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరున చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాని పక్కనే ఉన్న ఎటపాక అవతలి రాష్ట్రానిదైంది. 2016లో ఇవతల భద్రాద్రి కొత్తగూడెం, 2022లో అవతల అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు షరతులతో రక్షణ దొరికింది కానీ, రాబోయే మీటింగుల్లో కోయ తెలిసినవాళ్లు ఎందరుంటారన్నది ప్రశ్నగా మిగిలింది.

అదే ఏడాది జాతీయ విద్యావిధానం స్కూల్ కాంప్లెక్సులను మళ్లీ ముందుకు తెచ్చింది. 2022లో తెలంగాణ చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ‘తొలిమెట్టు’ మొదలుపెట్టి, దాని సమీక్షను కాంప్లెక్స్ మీటింగులతో ముడిపెట్టింది. ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో టీచరు రాసుకుని వచ్చి అందరి ముందు మాట్లాడే వీలు అందులో ఉంది. ఆ పట్టికను అధికారికి అప్పగించి ఇంటికి పోయే వీలూ ఉంది. రెండింటిలో ఏది జరుగుతుందన్నది చాలావరకు కాంప్లెక్స్ హెచ్‌ఎం మీద, పొద్దున తొలి గంట దేనికి ఇస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. నమూనా పాఠం ముందు, లెక్కలు తర్వాత అన్న చిన్న మార్పుకు జీవో అక్కర్లేదు.

భద్రాచలం, ఎటపాక టీచర్లు ఇద్దరూ కోయ పిల్లలకే చదువు చెబుతున్నారు. వాళ్ల కాంప్లెక్సులు వేరు, గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వేరు, పుస్తకాలు రాసే ఎస్‌సీఈఆర్‌టీలు వేరు. 2004 నాటి కోయ వాచకాల పని విభజనకు ముందుది కాబట్టి రెండు వైపులవారికీ ఉమ్మడి ఆస్తి. ఆ వాచకాలను బల్ల మీద పెట్టుకుని రెండు రాష్ట్రాల టీచర్లు ఏడాదికి ఒక్కసారైనా కూర్చుంటే, రెండుచోట్లా విడివిడిగా మొదటి నుంచి మొదలుపెట్టే శ్రమ తప్పుతుంది. రెండు ఐటీడీఏల ప్రాజెక్టు అధికారులు తలచుకుంటే జరిగే పని అది.