సర్పగంధ, సర్పవిషం, పొడి దగ్గు

"సైడ్ ఎఫెక్టు" అనే ఇంగ్లీషు మాటకు మన పత్రికలవారు "దుష్ఫలితం" అని అర్థం చెప్పి స్థిరపరచారు. ఇంగ్లీషు మాటలో "దుః" అనే ఉపసర్గకు చోటు లేదు. అక్కడున్నది "పక్క" మాత్రమే. గురిపెట్టిన చోటనే కాక పక్కన కూడా పనిచేసింది అని దాని భావం. తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనుక మాట దగ్గర ఆగడం నాకు అలవాటు. ఇక్కడ ఆగడానికి అంతకంటె పెద్ద కారణమే ఉంది.

దుష్ఫలితం అనగానే మందులో ఏదో దోషముందని, కల్తీ జరిగిందని తోస్తుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో, ఆపైన దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున, బి.పి. గోళీలు కొన్నాళ్ళు వాడి మానేసిన పెద్దలను ఎందరినో ఎరుగుదును. "గోళీ పడలేదు సారూ" అంటారు. ఏమి పడలేదని అడిగితే ఒకరు దగ్గంటారు, ఒకరు కాళ్ళ వాపంటారు, మనసు బాగుండటం లేదని మరొకరంటారు. మానేసిన సంగతి డాక్టరుకు చెప్పరు. ఆయన అడగరు. మానేసిన ఆరు నెలలకో ఏడాదికో పక్షవాతమో, ఆయాసమో వచ్చి పడుతుంది.

ఈ బాధలలో కాళ్ళ వాపు సంగతి మొదట ముగిస్తాను. ఆమ్లోడిపిన్ అనే మందు సన్నని రక్తనాళాలను వదులు చేస్తుంది, అక్కడినుంచి నీరు కణజాలంలోకి ఊరి చీలమండలు ఉబ్బుతాయి. గుండె బలహీనపడినా అవే చీలమండలు అలాగే ఉబ్బుతాయి. ఏది ఏదో వైద్యుడే తేల్చాలి. మిగిలిన రెండింటి చరిత్రా పాముతో ముడిపడి ఉన్నది. పాములకు కొదవలేని ప్రాంతంవాణ్ణి కనుక ఆ ముడి నన్ను ఆకర్షించింది.

మొదటిది వేరు కథ. సర్పగంధ అనేది మన తూర్పు కనుమలలోను, దేశంలోని మరికొన్ని తేమ అడవులలోను చెట్ల నీడన పెరిగే చిన్న మొక్క. కణుపుకు మూడేసి ఆకులు, తెల్లని పూలు, ఎర్రని తొడిమలు, పండితే నల్లబడే కాయలు. పేర్ల విషయంలో మాత్రం పెద్ద చిక్కు ఉన్నది. తెలుగులో దీనిని పాతాళగంధి అని, పాతాళగరుడి అని అంటారు. కాని సంస్కృత వైద్య నిఘంటువులలో పాతాళగరుడి అంటే మన దూసరతీగ. అది వేరే మొక్క. అమరకోశంలో నాకులి అనే మాట రాస్నతో కలిసి కనిపిస్తుంది, దాంతో మరొక గందరగోళం. నకులమంటే ముంగిస. పాముతో పోరేటప్పుడు ముంగిస ఈ వేరు కొరికి విషం విరుచుకుంటుందన్న జనవిశ్వాసం ఆ పేరు వెనుక ఉన్నది. విశ్వాసం విశ్వాసమే. కట్లపాము కరచినవానికి వేరు నూరి పోస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది, ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు సూదే దిక్కు. ఇక పాశ్చాత్యులు ఈ మొక్క జాతికి పెట్టిన పేరు రావుల్ఫియా. అది పదహారవ శతాబ్దపు జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ రావుల్ఫ్ స్మారకం. పాపం, ఆయన ఈ మొక్కను కన్నెత్తి చూసినవాడు కాడు.

జనవైద్యంలో ఈ వేరుకు నిజమైన పేరు తెచ్చినది పాముకాటు కాదు, పిచ్చి. బీహారు ప్రాంతంలో దీనిని పిచ్చిమందు అనే అర్థం వచ్చే పేరుతోనే అమ్మేవారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదానికీ, అధిక రక్తపోటుకూ పనికివస్తుందని ప్రకటించారు. ఒకే వేరు మనసును, రక్తనాళాలను కూడా శాంతింపజేస్తుందని వారు ఆనాడే చెప్పినట్లయింది. తరువాత జరిగిన కథంతా ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే అంటే అతిశయోక్తి కాదు. అదే ఏడు ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరునుంచి కొన్ని క్షారపదార్థాలు వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేర అజ్మలిన్ అని నామకరణం చేశాడు.

అప్పటికి ప్రపంచంలో రక్తపోటుకు చెప్పుకోదగిన మందు లేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ మెదడులో రక్తస్రావమై మరణించాడు. ఆయన రక్తపోటు ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిందని వైద్యులకు తెలుసు, చేయగలిగినది మాత్రం దాదాపు ఏమీ లేదు. నాలుగేళ్ళ తరువాత, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తాను సర్పగంధతో చికిత్స చేసిన 50 మంది రోగుల వివరాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు. దానితో మన వేరు లోకానికెక్కింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దాని సారాన్ని వేరుచేసి రెసర్పిన్ అన్నారు. వకీల్‌కు 1957లో అమెరికావారి లాస్కర్ పురస్కారం వచ్చింది. మన పాఠ్యపుస్తకాలలో ఆ పేరు నాకెక్కడా తగలలేదు.

రెసర్పిన్ వాడినవారికి ముక్కు దిబ్బడ వేసేది, నాడి నెమ్మదించేది, మగతగా ఉండేది. వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాని 1954లో ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే అమెరికన్ వైద్యుడు, పెద్ద మోతాదులో చాలాకాలం వాడిన కొందరు తీవ్రమైన దిగులులో పడిపోతున్నారని రాశాడు. కారణం మరుసటి ఏడాది నుంచి తేలసాగింది. నరాల కొసలలో సందేశాలు మోసే పదార్థాల నిల్వలను ఈ మందు ఖాళీ చేస్తుంది. రక్తనాళాల దగ్గర నిల్వ తగ్గితే బిగువు సడలి పోటు దిగుతుంది. మెదడులో నిల్వ తగ్గితే మనసు కుంగుతుంది. పని ఒక్కటే, చోట్లు రెండు. ఆర్విడ్ కార్ల్‌సన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 1957లో, రెసర్పిన్ ఇచ్చి కదలిక లేకుండా పడిపోయిన కుందేళ్ళకు ఎల్-డోపా ఇచ్చి మళ్ళీ లేపాడు. పార్కిన్సన్ వణుకుడు వ్యాధికి ఈనాటికీ వాడుతున్న మందు ఆ దారినే వచ్చింది. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే ఒక రోగంలో "దుష్ఫలితం" అనుకున్నది మరొక రోగానికి తలుపు తెరిచింది.

నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఫ్రైస్‌దే. దిగులు సంగతి బయటపెట్టినవాడు ఆ మందును పారేయలేదు. మోతాదు తగ్గించి, మరి రెండు మందులతో కలిపి, అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో దానినే పరీక్షించాడు. 143 మంది పురుషులమీద జరిగిన ఆ పరిశీలన ఫలితం 1967లో వెలువడింది. రక్తపోటును మందుతో దించితే పక్షవాతం, గుండె వైఫల్యం వంటి ఆపదలు తగ్గుతాయని నియమబద్ధంగా రుజువు చేసిన తొలి మహాప్రయత్నం అది. అందులో మన అడవి వేరు సారం ఉన్నదన్న మాట ఎందరికి తెలుసు? ఆ తరువాత 1974లో రెసర్పిన్ రొమ్ము కాన్సర్ తెస్తుందని మూడు వ్యాసాలు కలకలం రేపాయి. తరువాతి పరిశోధనలు దానిని బలపరచలేదు. దిగులు విషయంలో కూడా తొలినాటి నివేదికలు హెచ్చుగా చెప్పాయేమోనని ఈ మధ్య పరిశీలకులు సందేహిస్తున్నారు. ఈలోగా ఇతర మందులు వచ్చి రెసర్పిన్ వెనకబడింది. మన దేశంలో అడెల్ఫేన్ అనే పేరుతో ఒక తరంవారు దానిని మింగారు, ఇప్పుడది అరుదు.

వేరుకు గిరాకీ పెరిగితే మొక్కకేమవుతుందో అడవిని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. తునికాకు కోస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, ఇప్పపువ్వు ఏరితే మరుసటి ఏడు మళ్ళీ రాలుతుంది. సర్పగంధలో పనికివచ్చేది వేరు. వేరు తీస్తే మొక్కే లేదు. 1990లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలోకి తెచ్చారు.

రెండవది విషం కథ. ఇందులోని పాము మన రక్తపింజరికి దూరపు చుట్టం, బ్రెజిల్ దేశపు జరారాకా. అది కరచినవారికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. 1948లో సావో పావ్లో నగరంలో రోషా ఎ సిల్వా, ఆయన సహచరులు ఆ విషాన్ని కుక్క రక్తంలో కలిపి చూస్తే, రక్తంలోనుంచే కొత్త పదార్థమొకటి పుట్టింది. అది పేగు ముక్కను మెల్లమెల్లగా ముడుచుకునేటట్లు చేసింది. అందుకే గ్రీకు మాటలతో బ్రాడికైనిన్ అన్నారు. మందగతిని కదిలించేది అని అర్థం. ఇది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. 1965లో ఆయన శిష్యుడు సెర్జియో ఫెరీరా అదే విషంలో బ్రాడికైనిన్ శక్తిని పెంచే అంశాన్ని కనుగొని, దానిని వెంటబెట్టుకుని లండనులో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్ళాడు. అక్కడ తేలిన రహస్యం ఏమంటే, శరీరంలో ఒకే ఎంజైము రెండు పనులు చేస్తున్నది. ఒక చేత్తో నాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌ను తయారుచేస్తుంది, రెండవ చేత్తో నాళాలను సడలించే బ్రాడికైనిన్‌ను విరగగొడుతుంది. పాము విషం ఆ రెండు చేతులనూ కట్టేస్తున్నది.

అమెరికాలో స్క్విబ్ కంపెనీకి చెందిన ఓండెట్టి, కుష్‌మన్ ఈ కీలకం పట్టుకుని 1975లో నోట మింగదగిన కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అక్కడ అనుమతి దొరికింది. తొలిరోజులలో పెద్ద మోతాదులిచ్చి దద్దుర్లు, నాలుకకు రుచి తెలియకపోవడం, తెల్లకణాలు తగ్గడం కొనితెచ్చుకున్నారు. మోతాదు తగ్గించాక అవి చాలావరకు తగ్గాయి. తరువాతి ఎనలాప్రిల్‌తో 1987లో స్వీడన్, నార్వే, ఫిన్లాండులలో తీవ్రమైన గుండె వైఫల్యమున్న 253 మందిమీద పరిశీలన జరిగింది. ఆరు నెలలలో ఉత్తుత్తి గోళీ మింగినవారిలో నూటికి 44 మంది పోతే, ఎనలాప్రిల్ మింగినవారిలో 26 మంది పోయారు. గుండె వైఫల్యానికి ఆయుష్షు పోసిన మందు అని దీనికి పేరు వచ్చింది.

ఇక దగ్గు. 1985 ప్రాంతం నుంచి వైద్యపత్రికలలో దీని ప్రస్తావన మొదలైంది. కఫం ఉండదు, గొంతులో గరగర, పడుకుంటే ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకూ రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. నూటికి 5 మొదలు 20 మంది దాకా దీని పాలబడతారు, ఆడవారిలో ఎక్కువ, తూర్పు ఆసియావారిలో మరీ ఎక్కువ. ఎంజైము రెండవ చేయి కట్టేశాం కనుక విరిగిపోవలసిన బ్రాడికైనిన్ శ్వాసమార్గాలలో పోగుపడి నరాలను రేపుతుందన్నది దీనికి ప్రధానంగా చెప్పే కారణం. మోతాదు తగ్గించినా సాధారణంగా దగ్గు పోదు. మందు మాన్పిస్తే ఒకటి నుంచి నాలుగు వారాలలో పోతుంది.

మా ఎరుకలోని ఒక పెద్దమనిషికి గుండె బలహీనమని ఈ జాతి గోళీ ఇచ్చారు. రెండు నెలలకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం, సీసాల కొద్దీ దగ్గుమందు అయ్యాక, మా ప్రాంతంలో సహజంగా వచ్చే అనుమానమే వచ్చింది. కఫం పరీక్ష చేయించారు. అది న్యాయమే. రెండు వారాలు దాటిన దగ్గుకు మొదట క్షయ లేదని తేల్చుకోవాలి. క్షయ లేదన్నారు. ఏ గోళీలు మింగుతున్నావని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంట్లో మాత్రం అతని గ్లాసు, కంచం వేరుపెట్టారు. మనుమణ్ణి దగ్గరకు రానీయలేదు. చివరికి ఆయనకే తట్టి గోళీ మానేశాడు, దగ్గు పోయింది. నెల తిరక్కుండా కాళ్ళు ఉబ్బి, రాత్రి పడుకోలేక గోడకానుకుని కూర్చునే స్థితిలో ఆసుపత్రికి చేర్చవలసి వచ్చింది. అక్కడి వైద్యురాలు పాత చీటీ చూసి రెండు నిమిషాలలో విషయం గ్రహించి లోసార్టన్ రాసింది. యాంజియోటెన్సిన్‌ను దాని గమ్యం దగ్గర అడ్డుకునే మందు అది. బ్రాడికైనిన్ జోలికి పెద్దగా పోదు. అమెరికాలో 1995 నుంచి వాడుకలో ఉన్నది, మన దేశంలో చవకగానే దొరుకుతుంది. ఆయన ఇప్పుడు పొలానికి నడిచి వెళుతున్నాడు. ఆ రెండు నెలలలో కంచం వేరుపెట్టిన సంగతి మాత్రం మరచిపోలేదు.

దగ్గు బాధించేదే గాని చంపేది కాదు. అదే కారణంగా అరుదుగా పెదవులు, నాలుక, ముఖం ఒక్కసారి ఉబ్బుతాయి. ఊపిరి అడ్డుకుంటుంది కనుక అది అత్యవసరం, అలా వచ్చినవారికి ఈ జాతి మందు మళ్ళీ ఇవ్వరాదు. గర్భిణులు దీనిని వాడనే కూడదు. రక్తంలో పొటాషియం పెరగవచ్చు, మూత్రపిండాల పని తగ్గవచ్చు, అందుకే అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తారు. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర తెచ్చుకునే నొప్పి గోళీలు దీనికి తోడైతే మూత్రపిండాలకూ, గుండెకూ చేటు మరింత. మా వైపు ఈ జోడింపు చాలా ఎక్కువ.

ఇదే స్క్విబ్ వారసులు ఆ ఎంజైముతోపాటు బ్రాడికైనిన్‌ను విరిచే మరొక ఎంజైమును కూడా ఒకే గోళీతో కట్టేద్దామని ఒమాపాట్రిలాట్ తయారుచేశారు. ముఖం ఉబ్బే ఆపద ఎనలాప్రిల్‌కు సుమారు మూడింతలైంది, మందు బజారుకు రాలేదు. ఆ పాఠంతో 2015లో సాకుబిట్రిల్, వాల్సార్టన్ కలిపిన గోళీ గుండె వైఫల్యానికి వచ్చింది. ఇందులో పాత ఎంజైమును ముట్టుకోలేదు, వాల్సార్టన్‌తో పక్కదారి పట్టించారు. ఎనలాప్రిల్ వాడుతున్నవారు దీనికి మారాలంటే పాత గోళీ చివరి మోతాదు తరువాత 36 గంటలు ఆగాలి. పాత గోళీలు ఇంటి డబ్బాలో మిగిలి ఉంటే తీసి అవతల పెట్టాలి. రెండూ కలిపి మింగకూడదు.