తాళం వేసిన ఇల్లు, నీట మునిగిన బండి

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నా. బస్సులో వినేటప్పుడు సంవత్సరాలు, లెక్కలు చెవిలోంచి జారిపోతున్నయని చాలామంది అడిగిన్రు.

నేను లాయర్ని కాదు, ఏజెంటును అసలే కాదు. ఐటిఐ చదివి షార్జాలో కట్టడాల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నోణ్ణి. ఊర్లో ఇల్లు కట్టుకుని, ఇక్కడ బండి నడిపేటోళ్ళు "అన్నా, ఏ ఇన్సూరెన్స్ కంపెనీ మంచిది?" అని అడుగుతరు. కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ముందు కాగితంలో ఏం రాసి ఉందో చూడాలె. ఆ రాతలు ఎక్కడి నుంచి వచ్చినయో తెలిస్తే చదవడం తేలికైతది.

ఇంటి బీమా కథ లండన్‌లో మొదలైతది. 1666 సెప్టెంబర్‌లో ఒక రొట్టెల బట్టీ దగ్గర పుట్టిన మంట నాలుగైదు రోజుల్లో 13 వేలకు పైగా ఇళ్ళను కాల్చేసింది. ఎక్కువ కర్ర ఇళ్ళే. తర్వాత నికొలస్ బార్బన్ అనే ఆయన, డాక్టరు చదువు చదివి ఇళ్ళు కట్టే వ్యాపారంలోకి దిగినోడు, 1680 ప్రాంతంలో ఇళ్ళకు బీమా ఇచ్చే ఆఫీసు తెరిచిండు. ఇటుక ఇంటికి ఏడాది అద్దెలో నూటికి రెండున్నర, కర్ర ఇంటికి ఐదు. నాకు ఈ ముచ్చట మస్తు నచ్చుతది. గోడ దేనితో కట్టినవో చూసి ప్రీమియం చెప్పడం 340 ఏండ్ల కిందనే ఉన్నది. అప్పటి కంపెనీలు సొంతంగా మంటలార్పే మనుషులను పెట్టుకుని, తమ ఖాతాదారుల ఇంటి గోడకు గుర్తుగా రేకు బిగించేటివి. రేకు లేని ఇంటి మంట ఆర్పేవాళ్ళు కాదని కథలు చెప్తరు గానీ, చరిత్ర చదివినోళ్ళు చాలామంది దాన్ని నమ్మరు.

ఇంటి బీమా ఇంటికే, జాగకు కాదు. జాగ కాలదు, కూలదు. ఊర్లో మీ ఇల్లు అమ్మితే 60 లక్షలు వస్తయనుకోండి, అందులో సగం జాగ విలువే కావచ్చు. బీమా లెక్క మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు మీద. అదే ఇల్లు కట్టడానికి 30 లక్షలు అయ్యేటప్పుడు ప్రీమియం తగ్గుతదని 15 లక్షలకే రాయిస్తే, పాత ఫైర్ పాలసీల్లో 4 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికొస్తది. సగం విలువకు రాయించినవు కాబట్టి సగం నష్టమే మాది అంటది కంపెనీ. ఇండియాలో 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఇయ్యాల్సిన భారత్ గృహ రక్ష పాలసీలో ఈ కోత తీసేసిన్రు. ఇంటి కొలత, కట్టుబడి రేటు సరిగ్గా చెప్పాలె, అంతే.

మనలాంటోళ్ళకు దెబ్బ తగిలేది తాళం దగ్గర. ఇండియాలో ఏండ్ల తరబడి నడిచిన స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఒక షరతు ఉన్నది. భవనం 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీతో ముందే రాయించుకోకపోతే కవర్ ఆగిపోతది. మనం రెండేండ్లకు ఒకసారి పోతం. అమ్మ తమ్ముని ఇంటికి పోయి ఉంటే ఇల్లు ఖాళీనే. భారత్ గృహ రక్షలో కూడా దొంగతనం అంటే వరదో మంటో వచ్చిన 7 రోజుల లోపల, దాని వల్ల పోయిన సామానే. ఉట్టి పుణ్యానికి తాళం పగలగొట్టి బీరువా ఖాళీ చేస్తే దీంట్లో రాదు. దానికి దొంగతనం బీమా వేరే. తీసుకునేటప్పుడు ఏజెంటును ఒకటే అడగండి: ఇల్లు ఎన్ని రోజులు తాళం వేసి ఉండొచ్చు? జవాబు మెయిల్‌లో ఇయ్యమనండి. ఫోన్‌లో "ఏం కాదు అన్నా" అంటే అది జవాబు కాదు.

ఇక బండ్లు. కారు వచ్చిన కొత్తలో గుద్దినోడి దగ్గర పైసలు లేకపోతే దెబ్బ తిన్నోడి ఇల్లు రోడ్డున పడేది. అందుకే బ్రిటన్ 1930 చట్టంతో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో ఆ మాట పెట్టిన్రు గానీ, అమలు 1946 జూలై 1 నుంచి. అంటే పోలీసు ఆపి అడిగే కాగితం మన కోసం పుట్టింది కాదు, మన బండి కింద పడేటోని కోసం. సొంత బండికి రక్షణ కావాలంటే మనమే అడిగి తీసుకోవాలె.

1973 జనవరి 1న ప్రభుత్వం 107 కంపెనీలను నాలుగింటిలో కలిపేసింది: నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చినయ్. 2007 నుంచి సొంత నష్టం ప్రీమియం ఎవరి రేటు వాళ్ళది. థర్డ్ పార్టీ రేటు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వం చెప్పిందే. అందుకే దాంట్లో "మా దగ్గర తక్కువ" అనేటోణ్ణి నమ్మకండి. ఇంకోటి, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలె. కాగితం మీద మూడేండ్లు కనబడతది, ఇంట్లోళ్ళు నిశ్చింతగా ఉంటరు. సొంత నష్టం భాగం మాత్రం ఒక ఏడాదికే అయిపోయి ఉండొచ్చు. రెండు తేదీలూ చూడమని ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

ఇక్కడ ఎమిరేట్స్‌లో 2017 జనవరి నుంచి అన్ని కంపెనీలకూ ఒకే రకం మోటారు పాలసీ రాత వచ్చింది. థర్డ్ పార్టీకి ఒకటి, సొంత నష్టానికి ఒకటి. ఈ తేడా చాలామందికి 2024 ఏప్రిల్ 16న తెలిసింది. 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ పడనంత వాన. అల్ ఐన్ దగ్గర ఒక్కచోటే ఒక్క రోజులో 254 మిల్లీమీటర్లు. మా సైట్ ఫోర్‌మన్, జగిత్యాల తమ్ముడు, సెకండ్ హ్యాండ్ పికప్ మీద థర్డ్ పార్టీ ఒక్కటే కట్టిండు. ఒక్క దిర్హం రాలేదు. ఇంకో సాథీకి పూర్తి కవర్ ఉన్నా, నీళ్ళలో ఇంజన్ స్టార్ట్ చేసినవని కంపెనీ సర్వేయర్ (మన సైట్ సర్వేయర్ కాదు, నష్టం లెక్క కట్టేటోడు) అడ్డం తిరిగిండు. బండి పార్కింగ్‌లో ఆగినచోటే తలుపుల దాకా నీళ్ళు ఉన్న ఫోటో, పోలీసు రిపోర్టు, రికవరీ రసీదు చూపిస్తే గానీ ఒప్పుకోలే. అదే ఏడాది సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు మునిగినప్పుడు కూడా ఇదే గొడవ.

కంపెనీ కాదంటే ఎక్కడికి పోవాలె? ఎమిరేట్స్‌లో బీమా మీద పెత్తనం ఇప్పుడు సెంట్రల్ బ్యాంకుది. ఫిర్యాదులకు 2023లో సనదక్ అనే సంస్థ పెట్టిన్రు. ముందు కంపెనీకి రాతలో ఇచ్చి, పరిష్కారం కాకపోతే అక్కడికి పోవాలె. ఇండియాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్ కూడా అక్కడే. కంపెనీకి రాసి 30 రోజులు ఆగండి. జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే ఏడాది లోపల అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. 2021లో నిబంధనలు మార్చినంక అర్జీ ఆన్‌లైన్‌లో ఇయ్యొచ్చు, విచారణ వీడియోలో జరపొచ్చు. లీవు పెట్టి టికెట్ కొనాల్సిన పని లేదు.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తోపాటు కట్టించుకునే ప్రవాసీ భారతీయ బీమా వేరే ముచ్చట. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేస్తా.