చిన్న గోష్ఠులు చేసిన పెద్ద పని

సాహిత్య చరిత్ర యనగానే మనకు రాజాస్థానములు, మహాసభలు, సన్మానములు స్మరణకు వచ్చును. భువనవిజయము పేరెత్తని తెలుగు ఉపన్యాసము అరుదు. కాని పదిమందితో నిండిపోవు వసారాలో చాపలపై కూర్చుండి, తాము వ్రాసినది ఒకరికొకరు చదివి వినిపించుకొను చిన్న గోష్ఠుల సంగతి ఎవరును వ్రాయరు. వాని మినిట్సు పుస్తకములు చెదల పాలగుచున్నవి. బరంపురమున అట్టి యొక గోష్ఠికి చిరకాలము మినిట్సు వ్రాసిన గుమాస్తాను నేను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవాడను, పండితుడను గాను. అయినను ఆ పుస్తకములు నాకు నేర్పిన సంగతి యొకటి ఈ సంచిక పాఠకులకు విన్నవింపవలెనని తోచినది.

తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల తెలుగు రచన సాగుట క్రొత్త గాదు. పదునేడవ శతాబ్దిలో తంజావూరు నాయకరాజుల ప్రాపున, తమిళదేశమున, తెలుగు కవిత్వము వర్ధిల్లెను. రఘునాథ నాయకుని కొలువులో చేమకూర వేంకటకవి విజయవిలాసము రచించెను. విజయరాఘవ నాయకుని కాలమున రంగాజమ్మ మన్నారుదాస విలాసము రచించెను. 1673లో ఆ రాజ్యము అంతరించినది. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువులలో శాహజీ (1684–1712) స్వయముగా తెలుగున యక్షగానములు వ్రాసెను. ప్రభువు మాతృభాష మరాఠీ, ప్రజల భాష తమిళము, రచన తెలుగు! ఇది యెట్లు సాధ్యమైనది? ఆ రచనలు పెట్టెలో దాచుటకు గాక, ఆడుటకును పాడుటకును వ్రాసినవి. వినువారు ఎదుట నుండిరి. తరువాతి కాలమున త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో రాజాశ్రయము నపేక్షింపక, శిష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని కృతులు నేర్పెను. రాజ్యములు పోయినవి, ఆ శిష్యపరంపర నేటికిని తెగలేదు.

ఇరువదవ శతాబ్దిలో ఆస్థానములు చేసిన పనిని సమితులు చేపట్టినవి. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి పెద్దరికమున సాహితీ సమితి నడచినది. నవ్యకవులును కథకులును పెక్కుమంది అందు చేరిరి. విశాఖపట్టణమున కవితా సమితి యుండెను. శ్రీశ్రీ తొలి పుస్తకము ‘ప్రభవ’ను 1928లో ప్రకటించినది ఆ సమితియే. కవి వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఇంకను లోక మెరుగని బాలుని పద్యములను విని, అచ్చుకు తగునని నిర్ణయించినది పెద్ద సంస్థ గాదు. ఒక ఊరిలోని సాహిత్యమిత్రులు. ఆ విశాఖ మిత్రులలో ఒకరైన పురిపండా అప్పలస్వామిగారు, ఒడియాలో గోపీనాథ మహాంతిగారు వ్రాసిన నవలను ‘అమృత సంతానము’గా తెలుగు చేసిరి. ఆ మూలగ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఒడిస్సాలో నివసించు మాకు ఆ అనువాదము రెండిండ్ల నడుమ తెరచిన వాకిలి వంటిది.

ఇక మా సంగతి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. అంతవరకు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన బరంపురము అందులో చేరెను. పర్లాకిమిడి పట్టణమును చేరెను. చిరకాలము పర్లాకిమిడిలో నివసించిన గిడుగు రామమూర్తి పంతులుగారు అందుకు నిరసనగా ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. పంతులుగారు తరలిరి గాని, ఇల్లును మగ్గమును అంగడియు ఇచ్చటనే యున్న కుటుంబములు ఎచ్చటికి తరలును? మావారు నిలిచిరి. ఒడియా నేర్చిరి, ఆ భాషలో ఉద్యోగములు చేసిరి, ఇరుగుపొరుగుతో అన్నదమ్ములవలె మెలగిరి. తెలుగు మాత్రము వంటింటికిని పూజగదికిని పరిమితమగుచు వచ్చినది.

అట్టి దినములలో మా పెద్దలు కొందరు ఈ గోష్ఠిని ఆరంభించిరి. ప్రతి మాసము కడపటి ఆదివారము సాయంకాలము ఒకరి యింటి వసారాలో కూడుకొందుము. ఒక్కొక్కరు ఒక్క రచన మాత్రమే చదువవలెను. చదివినవారు తక్కినవారందరును మాటలాడు వరకు నోరు మెదపరాదు. మొదటి మాట పొగడ్త కాకూడదు. కడపటి మాట తెగడ్త కాకూడదు. పిమ్మట అటుకుల ఉప్మా, టీ. ఎవరు వచ్చిరి, ఎవరు ఏమి చదివిరి, ఎవరేమనిరి అన్నది మినిట్సులో వ్రాయుట నా పని. నేను ఇరువదేండ్ల వయస్సున చేరినపుడు పదునలుగురము. ఇప్పుడు అయిదుగురు వచ్చిన దినము నిండు సభ. మా వీధిలోని తెలుగు తరగతులు పిల్లలు లేక మూతబడినవి. మా మనుమలు తెలుగు మాటలాడుదురు గాని అక్షరము లెరుగరు.

కొన్నేండ్ల క్రిందట నేతపని చేయు కుటుంబపు బాలిక యొకతె నోటుపుస్తకముతో వచ్చినది. కథ వ్రాసితినన్నది. పుస్తకము తెరచి చూచితిని. భాష తెలుగు, అక్షరములు ఒడియా. మా నియమములలో నాలుగవది “రచన తెలుగు లిపిలో నుండవలెను” అని. నేను ఆ నియమమును చదివి వినిపించి, అక్షరములు నేర్చుకొని రమ్మని చెప్పితిని. “నేనే చదివి వినిపిస్తాను కదా తాతగారూ, మీరు చూడనక్కరలేదు కదా” అన్నది. నేను తల యడ్డముగా నూపితిని. ఆమె నమస్కరించి వెడలిపోయినది. మరుసటి మాసము రాలేదు; ఆపై మాసమును రాలేదు.

మా సభ్యులలో పెద్దవారొకరు, ఎనుబది దాటినవారు, ఆనాడు ఏమియు ననలేదు. మూడవ మాసమున నాచేత మొదటి మినిట్సు పుస్తకము తెప్పించి, ఒక పుట తీసి చదువుమనిరి. ఆరంభ దినములలో ఒక నేతగాడు పాటలు కట్టి గోష్ఠిలో పాడెననియు, ఆయన చెప్పగా వేరొకరు వ్రాసిరనియు అందున్నది. “బాబూ, ఆయనకు ఏ లిపీ రాదు. ఆనాడు మనవాళ్లు తలుపు మూశారా?” అని యడిగిరి. పిమ్మట నియమముల పుట తీయించిరి. నాలుగవ నియమము తక్కిన మూటివలె పాత సిరాతో లేదు. తరువాత చేర్చినది. చేర్చిన దస్తూరి నాదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. త్యాగరాజ కృతులను తమిళ లిపిలోను కన్నడ లిపిలోను వ్రాసికొని పాడువారు పాడునది తెలుగు గాదా? మేము పేరు చెప్పుకొని గర్వించు గిడుగువారు, ఆనాటికి లిపి లేని సవర భాషలో వాచకములు వ్రాసినపుడు అరువు అక్షరములతోనే గదా వ్రాసిరి! లిపి నేర్పవలసినదే. కాని ముందు మనిషిని లోపలికి రానిచ్చి, పిమ్మట నేర్పవలెను.

మరునాడు నేనే వారింటికి వెళ్లి ఆమెను పిలిచితిని. ఆమె వచ్చి కథ చదివినది. అందు ఆమె అమ్మమ్మ మగ్గము ముందర కూర్చుండి మాటలాడును. పడుగు, పేక, నాడె, కండె – గుమాస్తాగిరీలో బ్రతికిన మేము మరచిన మాటలు సహజముగా వచ్చినవి. ఆమె చెప్పగా నేను తెలుగు అక్షరములలో వ్రాసితిని. ఆమె ప్రక్కన కూర్చుండి నా కలము వంక చూచుచుండెను. నేటికిని ఆమె తన కథలను ఒడియా అక్షరములలోనే వ్రాయును. హాజరు పట్టీలో మాత్రము తెలుగున సంతకము చేయును. నాలుగవ నియమమును నేనే కొట్టివేసి, ప్రక్కన తేదీ వేసితిని.

బెంగుళూరులోను షోలాపురములోను యానాములోను చెన్నపట్టణములోను ఈ సంచిక చదువు కుటుంబములకు నా మనవి ఇది. మీ వీధిలో నలుగురు చేరినచో గోష్ఠి ఆరంభింపుడు. భవనము వలదు, చందా వలదు. ఒక చాప, ఒక పుస్తకము చాలును. ఏ లిపిలో వ్రాసి తెచ్చినను కూర్చుండబెట్టి వినుడు, విన్నది మినిట్సులో వ్రాసి యుంచుడు. మీ ఊరిలో పాత మినిట్సు పుస్తకము ఎవరి అటకపైనైన నున్నచో, చెదలకంటె ముందుగా మీరు దానిని తెరువుడు.