యజీదీలు

యజీదీలు ప్రధానంగా ఉత్తర ఇరాక్‌లోని సింజార్, షేఖాన్ ప్రాంతాలకు చెందిన అల్పసంఖ్యాక మతస్థులు. వీరిలో అత్యధికులు కుర్దీ మాండలికమైన కుర్మాంజీ మాట్లాడతారు. కుర్దుల్లో ఎక్కువమంది సున్నీ ముస్లిములు. యజీదీల్లో కొందరు తామూ కుర్దులమేనంటారు, మరికొందరు తమది వేరే జాతి అంటారు.

విశ్వాసాలు, కట్టుబాట్లు

దేవుడు ఒక్కడేననీ, లోక పాలనను ఏడుగురు దేవదూతలకు అప్పగించాడనీ వీరి నమ్మకం. ఆ దూతల్లో ముఖ్యుడు నెమలి రూపంలోని తావూసీ మలక్. ఇరుగుపొరుగు మతాలవారు ఆయన్ను సైతానుగా భావించి, యజీదీలపై సైతాను ఆరాధకులన్న నింద వేశారు.

సూఫీ గురువు షేక్ ఆదీ 12వ శతాబ్దంలో లాలిష్ లోయలో స్థిరపడ్డారు. ఆయన సమాధి ఉన్న ఆలయమే వీరికి పరమ పవిత్రం. భక్తులు చెప్పులు విడిచి, గడప తొక్కకుండా దాటుతారు. అక్కడి 'కానియా స్పీ' ఊట నీటితో జ్ఞానస్నానం చేయిస్తారు.

సమాజంలో షేక్, పీర్, మురీద్ అనే మూడు వర్గాలున్నాయి. వర్గాంతర వివాహాలు నిషిద్ధం. పుట్టుకతో తప్ప ఈ మతంలోకి ప్రవేశం లేదు, బయటివారిని పెళ్లాడితే వెలి తప్పదు. మత గీతాలు తరతరాలుగా నోటి నుంచి నోటికే అందుతూ వచ్చాయి.

దాడుల చరిత్ర

తమపై జరిగిన ఊచకోతలను యజీదీలు 'ఫర్మాన్'లంటారు. 1832లో రావాందుజ్ కుర్దు పాలకుడు మీర్ ముహమ్మద్ షేఖాన్‌పై దండెత్తాడు. 1892లో ఉస్మానియా సేనాని ఒమర్ వహ్బీ పాషా మతమార్పిడికి ఒత్తిడి చేసి, లాలిష్‌ను స్వాధీనం చేసుకున్నాడు. 1970ల్లో ఇరాక్‌లోని బాత్ పార్టీ ప్రభుత్వం సింజార్ కొండపల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని మైదానంలోని కాలనీలకు తరలించింది.

2014 ఆగస్టు 3న ఉగ్రవాద సంస్థ ఐసిస్ సింజార్‌పై విరుచుకుపడింది. కాపలాగా ఉన్న కుర్దు పేష్మర్గా బలగాలు అప్పటికే వెనుదిరిగాయి. వేలమంది హతమయ్యారు, 6,000 మందికి పైగా చెరపట్టబడ్డారు. వారిలో ఎక్కువమంది మహిళలు, పిల్లలు. ఇది జాతినిర్మూలనేనని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో తేల్చింది. చెర నుంచి బయటపడిన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

మారిన కట్టుబాటు

చెరలో బలవంతంగా మతం మార్చబడిన స్త్రీలను పాత ఆచారం ప్రకారం వెలివేయాలి. మతపెద్ద బాబా షేక్ ఖుర్తో హాజీ ఇస్మాయిల్ మాత్రం వారిని ఆదరించి అక్కున చేర్చుకోవాలని ప్రకటించారు. తిరిగివచ్చినవారికి లాలిష్‌లో మళ్లీ జ్ఞానస్నానం చేయించారు. అత్యాచారాల వల్ల పుట్టిన బిడ్డలకు ఈ సడలింపు వర్తించదని 2019లో మతమండలి స్పష్టం చేసింది. దాంతో కొందరు తల్లులు బిడ్డనో, సమాజాన్నో వదులుకోవలసి వచ్చింది.