కియా కార్ల కర్మాగారం, ఎర్రమంచి

దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ భారతదేశంలో నెలకొల్పిన తొలి కార్ల కర్మాగారం. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. ఒకప్పుడు విదేశీ సాయం అందుకున్న దేశం, తర్వాత పారిశ్రామికంగా ఎదిగి వర్ధమాన దేశాల్లో పెట్టుబడులు పెట్టిన తీరుకు ఇది ఉదాహరణ.

నేపథ్యం: కియాతో ఒకే గ్రూపునకు చెందిన హ్యుందయ్ 1998లోనే చెన్నై సమీపంలోని శ్రీపెరంబుదూరులో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. 2017 ఏప్రిల్‌లో కియా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకున్నాయి. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో నిర్మాణం సాగింది. వేరుశనగ పండించే ఈ కరువు సీమలో నీరే ప్రధాన సమస్య. హంద్రీ–నీవా పథకం ద్వారా కృష్ణా జలాలు చేరే గొల్లపల్లి జలాశయం దానికి పరిష్కారమైంది.

ఉత్పత్తి: 2019 ఆగస్టులో తొలి మోడల్ సెల్టోస్ విపణిలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 5న కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. తర్వాత సోనెట్, కారెన్స్ వచ్చాయి. 2023 జులైలో పది లక్షలవ కారు తయారైంది. ఉత్పత్తిలో కొంత భాగం ఎగుమతి అవుతుంది.

ప్రభావం: విడిభాగాలు తయారుచేసే కొరియా సంస్థలు చుట్టుపక్కల వెలిశాయి. పెనుకొండ దారిలో కొరియా లిపి బోర్డులు, కొరియా భోజనశాలలు కనిపిస్తాయి.